పొట్ట ఉబ్బితే తప్పంతా లివర్‌దేనా?

'కళ్ళు పచ్చబడ్డాయి, పొట్టలో నీరు పట్టింది' అనగానే మన ఊళ్ళలో తీర్పు చెప్పేస్తారు... లివర్ చెడిపోయిందని! మగవాడైతే తాగుడంటారు. ఆడమనిషైతే కామెర్లంటారు. ఇక పసరు మందు, ఉప్పూకారం లేని పత్యం, కొన్నిచోట్ల చేతిమీద వాతలు కూడా. ఈ హడావుడిలో గుండె సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు.

కామెర్లన్నీ గుండె జబ్బులేనని నేననడం లేదు. ఎక్కువ భాగం లివర్‌వే. కానీ లివర్‌లోంచి బయల్దేరిన రక్తం చేరాల్సింది గుండె కుడివైపుకే. అక్కడ అడ్డు తగిలితే, తూము పూడిన సాగర్ కాలవలో నీరు వెనక్కి ఎగదన్నినట్టు, రక్తం లివర్‌లో నిలిచిపోతుంది. లివర్ వాస్తుంది. పొట్టలోకి నీరు దిగుతుంది. కళ్ళూ కాస్త పచ్చబడతాయి.

ఇలా ఏమార్చే జబ్బుల్లో ఒకటి, గుండె చుట్టూ ఉండే పొర దళసరెక్కి బిగుసుకుపోవడం. మన దేశంలో దీనికి ముఖ్య కారణం క్షయ. 1896లోనే ప్రేగ్ నగరంలో ఫ్రీడెల్ పిక్ అనే డాక్టరు దీనికి 'దొంగ సిరోసిస్' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. రెండోది, చిన్నప్పటి కీళ్ళవాత జ్వరంతో గుండె కవాటాలు చెడటం. ఇది ఆడవాళ్ళలోనే ఎక్కువ. చాలామందికి కడుపుతో ఉన్నప్పుడుగానీ బయటపడదు.

నాకు బాధ కలిగించేది మన సర్దుబాటు గుణం. మిరపకోతల్లో ఆయాసం వస్తే 'కాయల ఘాటులే' అనుకుంటాం. పత్తి తీసొచ్చాక కాళ్ళు వాస్తే 'రోజంతా నిలబడ్డాను కదా' అని సరిపెట్టుకుంటాం. పొట్ట ఉబ్బేదాకా ఆసుపత్రి గడప తొక్కం. తీరా వెళ్ళాక 'లివర్' అన్న మాట పడితే, ఏనాడూ చుక్క ముట్టని ఇల్లాలిని కూడా ఇరుగుపొరుగు అదోలా చూస్తారు.

గమనించాల్సినవి కొన్నే. కూర్చున్నప్పుడు కూడా మెడ నరాలు ఉబ్బి కనిపిస్తున్నాయా? ఒట్టి లివర్ జబ్బులో సాధారణంగా అలా ఉండదు. నాలుగు మెట్లెక్కినా, వెల్లకిలా పడుకున్నా ఆయాసమా? ఎప్పుడైనా టి.బి. మందులు వాడారా? చిన్నతనంలో జ్వరంతో కీళ్ళు వాచాయా? ఇవి డాక్టరుకు దాచకుండా చెప్పండి. 'గుండెకు ఎకో తీయిద్దామాండీ?' అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. పొర బిగుసుకున్న జబ్బు ఎకోలో తేలకపోతే సి.టి. వంటి పరీక్షలున్నాయి.

సకాలంలో పట్టుకుంటే ఆ పొరను ఆపరేషన్‌తో తీసేస్తారు. చాలామంది తేరుకుంటారు. ఏళ్ళు గడిస్తే మాత్రం లివర్ నిజంగానే గట్టిపడిపోతుంది. గుండె ఆపరేషనంటే మద్రాసో హైదరాబాదో పరుగెత్తాలన్న రోజులు పోయాయి. 2016లో మన గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోనే డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి చేసింది.

ఇంట్లో అందరి మందుల వేళలూ గుర్తుపెట్టుకునేది మనమే. మన ఆయాసాన్ని కూడా ఆ లెక్కలో రాసుకుందాం. పసరు మందు కోసం బండెక్కేముందు ఒకసారి గుండె పరీక్ష చేయించుకుందాం.