మోటారుబండి బలము - పండ్ల లెక్క

మోటారుబండి సామర్థ్యమంతయు ఇంజనునందే యున్నదని తలచువారు మనలో పెక్కురు. క్రొత్తబండిని చూడబోయినవారు మొదట నడుగునది అశ్వశక్తి యెంత యని. రెండవది గంటకెంత దూరము పోవునని. చక్రములను త్రిప్పు కడపటి గేరు నిష్పత్తి యెంత యని యడుగువారు మిక్కిలి యరుదు. బండి యే పనికి తగినదో తెలిసికొనుటకు ఈ మూడవ ప్రశ్నయే ముఖ్యమని నా యభిప్రాయము. విద్యార్థులును, జీవనోపాధికై బండ్లు కొను తలిదండ్రులును దీనిని గ్రహింపవలయును.

ఇంజను త్రిప్పుడు మొదట గేరుపెట్టెను, పిమ్మట షాఫ్టును దాటి యిరుసు చెంతకు వచ్చును. అచ్చట పినియనను చిన్న పండ్లచక్రము క్రౌనను పెద్ద పండ్లచక్రమును త్రిప్పును. పెద్దదాని పండ్ల సంఖ్యను చిన్నదాని పండ్ల సంఖ్యచే భాగింపగా వచ్చునదే కడపటి గేరు నిష్పత్తి. నేటి చిన్నకార్లలో పెక్కింటియందు ఈ చక్రములు గేరుపెట్టెతోనే కలిసియుండి ముందుచక్రములను త్రిప్పుచున్నవి. అయినను లెక్క మారదు. నిష్పత్తి హెచ్చినకొలది చక్రము మెల్లగా తిరుగును, కాని బలముగా తిరుగును.

దీనికి చరిత్రలో చక్కని నిదర్శనము కలదు. అమెరికాలో ఫోర్డు కంపెనీవారు 1908 మొదలు 1927 వరకు నిర్మించిన మోడల్ టి కారు ఇంజను 20 అశ్వశక్తులది. దాని వెనుక యిరుసులో 11 పండ్ల చక్రము 40 పండ్ల చక్రమును త్రిప్పెడిది. నిష్పత్తి సుమారు 3.64. ఆ కంపెనీవారే 1917లో అదే యింజనుతో మోడల్ టిటి యను ఒక టన్ను లారీని వెలువరించిరి. దానికి దృఢమైన చట్రమును, వేరొక విధమైన వెనుక యిరుసును అమర్చి, నిష్పత్తిని 7.25 గావించిరి.

ఇక లెక్క చూడుడు. ఇంజను నిమిషమునకు 1600 చుట్లు తిరుగుచు, పై గేరులో నా చుట్లన్నియు మార్పులేక యిరుసును చేరుచున్నవనుకొందము. 3.64 నిష్పత్తిలో చక్రము 440 చుట్లు తిరుగును. 30 అంగుళముల చక్రము ఒక చుట్టునకు సుమారు 2.4 మీటర్లు సాగును గనుక వేగము గంటకు 63 కిలోమీటర్లగును. అదే చక్రమునకు 7.25 నిష్పత్తి యమర్చినచో చుట్లు 220, వేగము 32 కిలోమీటర్లు మాత్రమే. వేగము సగమయ్యెను, రాపిడి వలని నష్టమును విడిచినచో చక్రమును త్రిప్పు బలము రెట్టింపయ్యెను. గేరు క్రొత్తగా శక్తిని పుట్టింపదు. ఒకచేత వేగమును పుచ్చుకొని వేరొకచేత బలము నిచ్చును, అంతియే.

నేటి బండ్లకు ఐదారు గేర్లుండగా కడపటి నిష్పత్తితో పని యేమని కొందరందురు. ఆ నిష్పత్తి ప్రతి గేరును గుణించునదని వారు మరచుచున్నారు. దానిని మార్చినచో మొదటి గేరు మొదలు చివరి గేరు వరకు అన్నియు ఒక్కసారిగా మారును. విద్యుత్ కార్లలో పెక్కింటికి గేర్లు మార్చు పనియే లేదు. ఒక్క నిష్పత్తియే యన్ని పనులకు చాలవలయును. 2012లో వెలువడిన టెస్లా మోడల్ ఎస్ కారునందది 9.73.

ఈ లెక్క తప్పినచో నష్టము బండి గలవానిదే. నిష్పత్తి మరీ తక్కువైన బండి నిండుబరువుతో ఎత్తునందు కదలలేక క్లచ్చి కాలును; ఘాటురోడ్డు దిగునపుడు ఇంజను పట్టు తగ్గి భారమంతయు బ్రేకులపై పడును. నిష్పత్తి మరీ హెచ్చైనచో చదునుబాటలో ఇంజను ఊరక పరుగిడి, మ్రోగుచు, నూనెను హరించును. కొందరు యువకులు వేగమునకై నిష్పత్తిని తగ్గింతురు. మితిమీరినచో ఇంజను గాలి యెదురును త్రోయజాలక మునుపటి వేగమునైన నందుకొనదు. పెద్ద టైర్లు వేయుటయు నిష్పత్తిని తగ్గించుటయే. అప్పుడు వేగము చూపు ముల్లు ఉన్నదానికంటె తక్కువ చూపును.

కావున ఏ నిష్పత్తి మేలని యడుగుట పొరపాటు. ఏ బరువునకు, ఏ బాటకు మేలని యడుగవలయును. మన గణితపు తరగతులలో నిష్పత్తి పాఠమును నల్లబల్లపై ముగింపక, పాత క్రౌను పినియనుల జత నొకదానిని తెచ్చి పిల్లలచే పండ్లు లెక్కింపజేయుట మంచిది. అట్లు నేర్చినవాడు రేపు అప్పుచేసి లారీ కొనునపుడు, అమ్మువాని మాటలకు లోబడక, తన బరువునకు తగిన బండిని తానే యెన్నుకొనగలడు.