కాల్చిన మసి, విప్పిన విద్య

కోలారు సీమలో బంగారమునకు దక్కిన గౌరవము రాగికి దక్కలేదు. ఊరి పేరునందే బంగారము నిలిచినది. ఆ బంగారమును వెలికి దీయుటకు తోడ్పడిన రాగిని మాత్రము తలచువారు లేరు. ఒకప్పుడు గనుల మిల్లులలో పొడి చేసిన రాతిని నీటితో కలిపి, పాదరసము పూసిన రాగిరేకులపై ప్రవహింపజేసెడివారు. బంగారు రేణువులు ఆ రేకులకు అంటుకొనెడివి. 1902వ సంవత్సరమున కావేరీనదిపై శివసముద్రమున పుట్టిన విద్యుత్తు, సుమారు 147 కిలోమీటర్ల దూరము తీగలపై నడచి మన గనులను చేరినది. బెంగళూరు వీథులలో విద్యుద్దీపములు వెలిగినది అటు పిమ్మట మూడేండ్లకు, 1905లో. ఆ విద్యుత్తును పుట్టించిన యంత్రములలోను, దానితో తిరిగిన మోటార్లలోను చుట్టియుండినది రాగితీగయే.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. కాని రాగి మన యిండ్లలోనికి వచ్చి చేరినది. తిరుగని ఫ్యాను, కాలిన మిక్సీ, మూగబోయిన రేడియో, పనిచేయని ఛార్జరు, ఈ అన్నింటిలోను రాగి కలదు. జీవనది లేని మన జిల్లాలో రైతు వేయి అడుగులకు మించి బోరు వేయించి, నీటిలో మోటారు దింపుచున్నాడు. అది కాలినప్పుడెల్ల వైండింగు షాపువారు పాత తీగను కోసి తీసి, క్రొత్త తీగ చుట్టుచున్నారు. కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురము, బంగారుపేట, ఏ ఊరి బజారులో చూచినను ఆ పాత తీగ కుప్పలుగా కనబడును.

ఈ రాగి యేమగుచున్నది? తూకమునకు పోవుచున్నది. పోవుటకు ముందు తరచుగా కాలుచున్నది. తొడుగు ఉన్న తీగకు ధర తక్కువ యని, పిల్లలు ఊరి వెలుపల తీగల చుట్టలను మంటలో వేయుదురు. ఈ ఆచారమును గూర్చియే మేము నేడు వ్రాయుచున్నాము.

తీగపై నున్న ప్లాస్టిక్కులో పెక్కుచోట్ల పి.వి.సి. ఉండును. అందు క్లోరిను కలదు. అది కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడు వాయువును, డయాక్సినులను విషపదార్థములును పుట్టును. మొదటిది వెంటనే కన్నులను, గొంతును మండించును. రెండవవి కంటికి కనబడక శరీరపు క్రొవ్వులో చేరి ఏండ్ల తరబడి నిలుచును. ఇంతకు ఓర్చిన కుఱ్ఱవానికి లాభమైన దక్కునా యన్న, అదియు అంతంత మాత్రమే. కాలిన రాగి నల్లబడును. తళతళలాడు శుభ్రమైన తీగకు వచ్చు ధర దానికి రాదు.

దీనికన్న పెద్ద నష్టము వేరొకటి కలదు. దానిని గ్రహింపవలసినవారు మన ఊరివారే. నూట యిరువది యేండ్లలో ఈ గనులనుండి సుమారు 800 టన్నుల బంగారము వెడలిపోయినది. ఊరికి మిగిలినవి సైనైడు దిబ్బలు. గాలి వీచిన దినమున ఆ దిబ్బల ధూళి ఎవరి వాకిట పడునో మనకు తెలియును. తీగను కాల్చి అమ్మునపుడు మనము చేయుచున్నది ఆ పనియే, చిన్న కొలతలో. లోహము లారీలో పోవును. మసి మన పిల్లల ఊపిరితిత్తులలో నిలుచును. ఒక తరము పొందిన అనుభవమును మరల మన చేతులతో మన పెరటిలోనికి తెచ్చుకొనవలయునా?

రాగిని కాల్చవలదు, విప్పి నేర్చుకొనవలయునని మా అభిప్రాయము. పాత ట్రాన్స్‌ఫార్మరులోని తీగను ఓపికతో విప్పి, ఖాళీ దారపుండకు చుట్టుకొన్నచో అది చక్కని పాఠ్యసామగ్రి యగును. మొదట అది రాగియో కాదో తేల్చుకొనవలెను. చౌక వస్తువులలో అల్యూమినియము తీగకు రంగుపూత పూసి పెట్టుదురు. చాకుతో గీచి చూడుడు. లోపల తెల్లగా నున్న అది రాగి కాదు. రాగి నీటికన్న దాదాపు తొమ్మిది రెట్లు బరువు, అల్యూమినియము మూడు రెట్లకు లోపే. ఇదియే సాంద్రత పాఠము.

పిమ్మట తీగ లావు తెలిసికొనవలయును. ఖరీదైన పరికరము అక్కరలేదు. తీగను పెన్సిలుపై 50 చుట్లు ఒరిసికొనునట్లు చుట్టి స్కేలుతో కొలువుడు. పది మిల్లీమీటర్లు వచ్చిన, తీగ వ్యాసము 0.2 మిల్లీమీటరు. అట్టి రాగితీగ పది మీటర్లకు నిరోధము సుమారు 5½ ఓములు. దానిని ఒకటిన్నర వోల్టుల బ్యాటరీకి కలిపిన ఎంత విద్యుత్తు పారునో ఓమ్ సూత్రముతో లెక్క కట్టి, మీటరుతో సరిచూచుకొనవచ్చును. మేకుకు చుట్టిన విద్యుదయస్కాంతమగును. దిక్సూచికి చుట్టిన విద్యుత్తును కనిపెట్టు సాధనమగును. అట్టగొట్టమునకు నూరు చుట్లు చుట్టి, జెర్మేనియం డయోడు, పొడవైన ఏరియలు, తగిన చెవిగొట్టము చేర్చినచో, బలమైన మధ్యతరంగ ప్రసారము అందు చోట బ్యాటరీ లేకయే రేడియో పలుకును. కొనలయందు మాత్రము పూతను ఉప్పుకాగితముతో గీకివేయుట మరువరాదు.

తల్లిదండ్రులు కొందరు, “ఇది పాతసామానులవాని పని, చదువుకొను పిల్లల పని కాదు” అందురు. మైకేల్ ఫారడే పుస్తకములు కుట్టు దుకాణమున పనివాడు. 1831లో అతడు ఇనుప వలయమునకు రెండు వైపుల రాగితీగలు చుట్టెను. నేటివలె పూత తీగ లేనందున చుట్ల నడుమ నూలుగుడ్డయు పురిదారమును పెట్టుకొనెను. నేటి ట్రాన్స్‌ఫార్మరులన్నింటికి ఆ వలయమే పూర్వరూపము. అంత దూర మేల? కోయంబత్తూరు ప్రాంతమున తెలుగు కుటుంబమున 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారు పెద్ద డిగ్రీలు లేకయే యంత్రములను విప్పి చూచి నేర్చుకొనిరి. మన దేశమున తయారైన తొలి విద్యుత్ మోటారు 1937లో వారి యుద్యమమున వెలువడినదని చెప్పుదురు. వారును మనవలెనే పరభాషా ప్రాంతపు తెలుగువారే.

“అమ్మిన నాలుగు రూకలు వచ్చును గదా” యన్న మాటను మేము తేలికగా తీసివేయము. గనులు పోయిన పిదప ఈ ఊరిలో రూపాయి విలువ ఎట్టిదో మాకు తెలియును. అయినను ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరులో దొరకు రాగి మిక్కిలి కొద్ది. నేర్చిన తరువాత దానిని అమ్ముకొన్నను తప్పు లేదు. రాగిని ఎన్నిమారులు కరగించినను దాని గుణము చెడదు.

“అపాయము” అన్న ఆక్షేపణ మాత్రము నిజమైనది. గాజుగొట్టపు పాత టెలివిజనును, మైక్రోవేవ్ పొయ్యిని, రిఫ్రిజిరేటరును, బ్యాటరీలను పిల్లలు ఎన్నడును విప్పరాదు. మొదటి రెండింటిలో ప్లగ్గు తీసిన పిమ్మటను ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. మూతపడిన గనులలో రాగికేబుళ్లకై దిగుట నేరము. నీరు నిండి, గాలి చెడిన ఆ గోతులు ప్రాణములు తీయును. మన పెట్టెలోనికి ఇంటివారు అనుమతించి యిచ్చిన వస్తువే రావలెను. మిగిలిన సర్క్యూటు పలకలను చెత్తకుప్పలో వేయరాదు. 2022 నాటి ఇ-వ్యర్థముల నియమములు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నవి. వాటి ననుసరించి నమోదైన సంస్థలకే అప్పగింపవలెను.

మన పిల్లలకు ఇందు ప్రత్యేకమైన మేలు కలదు. వారు ఇంట తెలుగు, వీథిలో తమిళము, కార్యాలయమున కన్నడము, డబ్బాలపై ఇంగ్లీషు చూచుచు పెరుగుదురు. తెలుగు పుస్తకమున “విద్యుదయస్కాంత ప్రేరణ” యన్న మాట, చేతిలో తీగచుట్ట లేనిచో, పరీక్షవరకు మోయు బరువు మాత్రమే. అయస్కాంతమును చుట్టలోనికి దూర్చినప్పుడు దూరమున నున్న దిక్సూచి ముల్లు కదలుటను చూచిన బాలిక ఆ మాటను మరువదు. “ఆపితే ఎందుకు కదలలేదు?” అని ఆమె అడుగును. ఆ ప్రశ్న తెలుగులోనే పుట్టును. మాతృభాషలో చదువు వెనుకబాటు కాదని వాదములతో చెప్పుటకన్న ఇట్టి ప్రశ్న ఒకటి చాలును.

కావున మా మనవి స్వల్పము. పాఠశాలలో ఒక రాగిపెట్టె యుండవలెను. నెలకొక మధ్యాహ్నము ఉపాధ్యాయుల యెదుట బాలురు, బాలికలు కలసి విప్పవలెను. ఊరిలోని వైండింగు పనివారిని ఒకనాడు గురువులుగా పిలువవలెను. గేజి, చుట్టు, కోరు అను మాటలు వారి వ్రేళ్లకు తెలిసినంతగా మన పుస్తకములకు తెలియవు. తల్లిదండ్రులారా, ఈ దసరాకు ఇల్లు దులుపునపుడు అటుకమీద పడియున్న పాత రేడియోను తూకమునకు వేయక ముందు, దానిని ఒక్క నెల మీ బిడ్డల బడికి ఎరువిండు.