చిన్న పిల్లలున్న ఇంటికి పాత కారు: జీఎస్టీ తగ్గాక మారిన లెక్కలు

హైదరాబాద్: 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అప్పటిదాకా చిన్న పెట్రోల్ కారు మీద సెస్సుతో కలిపి 29 శాతం, చిన్న డీజిల్ మీద 31 శాతం పడేది. ఒక్క రోజులో ఆల్టో కే10 ప్రారంభ ధర 3.70 లక్షలకు, వ్యాగన్ ఆర్ 4.99 లక్షలకు, స్విఫ్ట్ 5.79 లక్షలకు వచ్చేశాయి. షోరూంలలో పండగ సందడి కనిపించింది. సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మేవాళ్లకు మాత్రం పరేషానీ మొదలైంది. కొత్త బండే ఇంత దిగితే రెండేళ్ల పాత బండికి నిన్నటి రేటు ఎవరిస్తారు?

పెళ్లయి నాలుగైదేళ్లయి, ఒకరో ఇద్దరో చిన్న పిల్లలుండి, చేతిలో నాలుగైదు లక్షలున్న కుటుంబాలకు ఇది మంచి అవకాశమే. కాకపోతే కొత్త కారు తగ్గింది కాబట్టి ఇక పాతది దండగ అనే మాట ఎంతవరకు నిజమో చూడాలి. 5.79 లక్షలు అనేది ఎక్స్-షోరూం ధర మాత్రమే. తెలంగాణలో దాని మీద 14 శాతం లైఫ్ టాక్స్ పడుతుంది. అంటే ఇంకో 81 వేలు. ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపితే బండి ఇంటికి వచ్చేసరికి 7 లక్షల దగ్గరికి చేరుతుంది. అదీ అన్నింటికంటే కింది మోడల్‌కు. అదే తెలంగాణ నంబర్ ఉన్న పాత బండికి లైఫ్ టాక్స్ మొదటి ఓనర్ ఎప్పుడో కట్టేశాడు, రెండోసారి కట్టాల్సిన పని లేదు. పాత కారులో అసలు లాభం ఇక్కడే ఉంది, కానీ బేరం దగ్గర ఎవరూ దీన్ని లెక్కలోకి తీసుకోరు.

లోన్ సంగతి కూడా చూడాలి. పాత కారు లోన్‌కు వడ్డీ సాధారణంగా కొత్త కారు కంటే ఎక్కువ. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు మన దగ్గర చాలానే ఉన్నాయి. చిట్టీ ఎత్తిన డబ్బు, గల్ఫ్‌లో ఉన్న తమ్ముడు పంపింది, భార్య దాచింది కలిపి నగదుగా కొంటారు. ఇలాంటివాళ్లు ధర విషయంలో గట్టిగా నిలబడొచ్చు. ఏడాది, రెండేళ్ల పాత బండికి కొత్త ధరకు దగ్గరగా అడిగితే వదిలేయడమే మంచిది. బేరం బాగా కుదిరేది నాలుగు నుంచి ఆరేడేళ్ల బండ్ల దగ్గర.

ఇక్కడ అమ్మేవాళ్లు ఆడే ఒక ఆట గురించి చెప్పుకోవాలి. 2024 డిసెంబర్‌లో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ 55వ సమావేశం పాత వాహనాలన్నింటికీ 18 శాతం పన్ను ఖరారు చేసింది. ఆ వార్త విన్న చాలామంది మొత్తం ధర మీద 18 శాతం అనుకున్నారు. కాదు. పన్ను పడేది డీలర్‌కు మిగిలే తేడా మీద మాత్రమే. 4 లక్షలకు కొని 4.60 లక్షలకు అమ్మితే తేడా 60 వేలు, దాని మీద పన్ను 10,800. ఎవరైనా డీలర్ మొత్తం ధర మీద లెక్కేసి 82,800 అడిగితే అది తప్పుడు లెక్క. ఒక వ్యక్తి తన సొంత బండిని ఇంకో వ్యక్తికి నేరుగా అమ్మితే జీఎస్టీ ఊసే లేదు.

ఇక ఏ ఏడాది బండి తీసుకోవాలనేది. పిల్లలున్న ఇంటికి రంగు, మైలేజీ కంటే ముందు చూడాల్సింది తయారైన తేదీ. 2019 ఏప్రిల్ నుంచి కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. అదే ఏడాది జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, వెనక పార్కింగ్ సెన్సర్లు వచ్చాయి. ముందు సీట్లో రెండోవారికి ఎయిర్‌బ్యాగ్ పాత మోడళ్లకు కూడా తప్పనిసరి అయింది 2022 నుంచే. అంటే 2017 నాటి బేస్ మోడల్ చవగ్గా దొరికిందంటే అందులో ఏబీఎస్ గానీ ఎయిర్‌బ్యాగులు గానీ ఉండకపోవచ్చు. ఇరవై వేలు తక్కువకు వచ్చిందని అలాంటి బండి తీసుకోవడం తెలివైన పని కాదు. అదే ఏడాది టాప్ మోడల్‌లో అన్నీ ఉండొచ్చు. కాబట్టి ఆర్సీ మీద ఉన్న తయారీ నెల, వేరియంట్ పేరు రెండూ చూడాలి.

యువ తండ్రులు ఇంకో మాట కూడా అంటారు, కాస్త మొహమాటంగా: బండి నడపడానికి మజా ఉండాలి అని. ఇంట్లో పెద్దవాళ్లు దీన్ని దుబారా అంటారు గానీ, రోజూ మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలి దాకా వెళ్లొచ్చేవాడికి స్టీరింగ్ తేలిగ్గా ఉండటం, ఇంజిన్ హుషారుగా లాగటం చిన్న విషయం కాదు. మజా కోసం పెద్ద ఇంజిన్ అక్కర్లేదు, బరువు తక్కువగా ఉంటే చాలు. స్విఫ్ట్ ఇన్నేళ్లు అమ్ముడుపోయింది అందుకే. నడపడానికి సరదా బండి, ప్రతి వీధిలో మెకానిక్ ఉంటాడు, మళ్లీ అమ్మినా డబ్బు వస్తుంది. కానీ 2018లో వచ్చిన స్విఫ్ట్ గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో రెండు స్టార్లే తెచ్చుకుంది. 2022లో కఠినమైన కొత్త నిబంధనలతో పరీక్షిస్తే ఒక్క స్టారే వచ్చింది. డిక్కీ 268 లీటర్లు. పాపాయి బండి మడిచి పెడితే ఇంక సూట్‌కేస్‌కు చోటుండదు.

అదే డబ్బులో ఇంకో దారి 2020లో మొదలైన టాటా ఆల్ట్రోజ్. పెద్దల రక్షణలో ఐదు స్టార్లు, డిక్కీ 345 లీటర్లు. తలుపులు దాదాపు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. పిల్లను కార్ సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టే తల్లికి ఈ ఒక్క సౌకర్యం విలువ తెలుస్తుంది. పెట్రోల్ ఇంజిన్ మాత్రం స్విఫ్ట్ అంత చురుకు కాదు. హోండా జాజ్ పెట్రోల్‌ది మధ్య దారి. వెనక సీట్లో నానమ్మ కూడా సుఖంగా కూర్చోగలదు, డిక్కీ 354 లీటర్లు, 2022 గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో నాలుగు స్టార్లు. తయారీ ఆగిపోయింది కాబట్టి బేరానికి కాస్త అవకాశం ఎక్కువ.

నిజంగా నడపడం ఇష్టమైనవాళ్ల కళ్లు ఫోర్డ్ ఫిగో, ఫోక్స్‌వ్యాగన్ పోలో మీద పడతాయి. ఫోర్డ్ భారత్‌లో తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబర్‌లో ప్రకటించింది, పోలో 2022లో ఆగింది. పార్టులు దొరుకుతున్నాయి గానీ వెతుకులాట తప్పదు. ఇంట్లో ఇదొక్కటే బండి అయితే, అర్ధరాత్రి పిల్లవాడికి జ్వరం వస్తే బయటకు తీయాల్సింది ఇదే అయితే, పోలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ జోలికి పోకపోవడం మంచిది. దాని మరమ్మతు ఖర్చు ఆటోమేటిక్ వల్ల వచ్చే సుఖం కంటే పెద్దది. డీజిల్ కూడా అంతే. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగను వడపోసే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి హైవే మీద కాసేపు ఒకే వేగంతో పరుగెత్తాలి. స్కూలు, కిరాణా, ఆఫీసు మధ్య తిరిగే సిటీ బండిలో అది మూసుకుపోతుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. 2020 అక్టోబర్‌లో గుర్రం చెరువు తెగి హాఫిజ్ బాబానగర్, ఆ చుట్టుపక్కల బస్తీలు మునిగాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. ఆ నీళ్లలో నానిన కార్లు ఏమయ్యాయి? ఇన్సూరెన్స్ ఉన్నవాటిలో చాలా వరకు కంపెనీలు పూర్తి నష్టం కింద తీసుకుంటాయి, ఆ తర్వాత వేలంలో స్క్రాప్ ధరకు అమ్ముతాయి. కొన్న ప్రతివాడూ దాన్ని విరగ్గొట్టి పార్టులుగా అమ్మడు. కడిగి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి, ఇంకో జిల్లాలో "భయ్యా, డాక్టర్ గారు నడిపిన బండి, సింగిల్ హ్యాండ్" అని నిలబెట్టేవాళ్లు ఉన్నారు. (డాక్టర్లు అమ్మినన్ని కార్లు ఈ రాష్ట్రంలో డాక్టర్లే లేరేమో.) నీళ్లలో మునిగిన బండి వెంటనే ఆగిపోదు. ఆరు నెలలకో ఏడాదికో వైర్ల జాయింట్లలో తుప్పు మొదలై పవర్ విండోలు, ఏసీ, చివరికి ఎయిర్‌బ్యాగ్ కనెక్షన్ దాకా మొరాయిస్తాయి. డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం వెలగకుండా చేసి అమ్మడం కూడా ఉంది. తాళం తిప్పినప్పుడు ఆ దీపం ఒకసారి వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతేనే అనుమానించాలి.

పట్టుకోవడం మరీ కష్టం కాదు. సీటు బెల్టును చివరిదాకా లాగితే లోపలి భాగం కనిపిస్తుంది, మునిగిన బండిలో అక్కడ మట్టి గీత ఉంటుంది. బెల్టు ఉతికే ఓపిక ఎవరికీ ఉండదు. స్టెపినీ కింద గుంతలో ఒండ్రు, సీటు కింది పట్టాల మీద తుప్పు, హెడ్‌లైట్ లోపల చెమ్మ చూడాలి. బండి కొత్తగా ఉండి కార్పెట్ మాత్రం మరీ కొత్తగా ఉంటే ఎందుకని అడగాలి. ఇన్సూరెన్స్ పాలసీ పాత కాపీలు అడిగితే క్లెయిమ్ చరిత్ర బయటపడుతుంది. మీటర్ తిప్పారా అనేది కంపెనీ సర్వీస్ రికార్డుతో పోల్చితే తెలుస్తుంది. 35 వేల కిలోమీటర్లే తిరిగిందన్న బండి క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా అయిందంటే మీటర్‌ను నమ్మక్కర్లేదు.

పక్క రాష్ట్రాల బండ్లు చవగ్గా కనిపిస్తాయి, ముఖ్యంగా ఢిల్లీవి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలుండటంతో గడువు దగ్గర పడ్డవి దక్షిణాదికి దిగుతాయి. ఢిల్లీదైనా విజయవాడదైనా తెలంగాణకు వస్తే ఆ రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కొత్తగా కట్టాలి. ఆ మొత్తం కలిపాక కూడా చవకే అయితేనే చూడాలి.

కాగితాల దగ్గర మన వాళ్ల నిర్లక్ష్యం మాత్రం భయం పుట్టిస్తుంది. తెలిసినవాడే కదా అని ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని అల్మారాలో పెట్టేస్తారు, పేరు మార్పు నెలల తరబడి జరగదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టంగా చెప్పింది: బండి చేతులు మారినా రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే ప్రమాద పరిహారానికి జిమ్మేదారీ అతనిదే. అమ్మినవాడికి ఇది ఉరితాడు. కొన్నవాడి చిక్కు వేరు. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో తన పేరుకు మార్చుకోకపోతే, సొంత బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ కొత్తవాడికి రాదు కాబట్టి ఆ తేడా కూడా కట్టాల్సి ఉంటుంది. బండి మీద బ్యాంకు లోన్ ఉండి తీరిపోయినా ఆర్సీలో ఆ పేరు తీయించకపోతే మార్పు ఆగిపోతుంది. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకూడదు. పెండింగ్ చలాన్లు ఫోన్‌లోనే నంబర్ కొట్టి చూసుకోవచ్చు, వాటిని ధరలోంచి తగ్గించుకోవచ్చు.

టెస్ట్ డ్రైవ్‌కు భర్త ఒక్కడే, ఫ్రెండ్‌ను వెంటేసుకుని వెళ్లడం ఆనవాయితీ. ఇద్దరూ నడిపే బండి అయినప్పుడు భార్య కూడా నడిపి చూడాలి. పిల్లల కార్ సీటు ఇంట్లో ఉంటే పట్టుకెళ్లి వెనక బిగించి చూడాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లలు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా ఉంటే వెయ్యి రూపాయల జరిమానా అని చట్టంలోనే ఉంది, సెక్షన్ 194బీ. మన దగ్గర తల్లి ఒళ్లో ముందు సీట్లో కూర్చోబెట్టడమే ఇప్పటికీ మామూలు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీట్లో అది మరీ ప్రమాదం. ఐసోఫిక్స్ కొక్కాలు ఉన్నాయో లేవో వెనక సీటు సందులో వేళ్లు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఆఖర్న సొంత మెకానిక్‌కు కొంత ఇచ్చి బండిని లిఫ్ట్ మీద పైకెత్తి కింద చూడమనాలి. దానికి ఒప్పుకోని డీలర్ దగ్గర బేరం కొనసాగించాల్సిన అవసరం లేదు.