తల్లిబిడ్డల యెడబాటు

కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియము గనియు, ఖనిజమును శుద్ధిచేయు కర్మాగారమును గలవు. ఆ గ్రామపు స్త్రీ యొకతె నెలలు నిండకుండ ప్రసవించిన దనుకొందము. పులివెందులలో శస్త్రచికిత్స జరిగినది. బిడ్డ బరువు కిలోన్నర. పెద్ద ఆసుపత్రికి పంపవలసివచ్చినచో కడప సుమారు 70 కిలోమీటరులు. కుట్లు మానని తల్లి యిచ్చటనే పరుండును. బిడ్డ వెంట పోయిన అమ్మమ్మ వరండాలో తుండుగుడ్డ పరచుకొని కూర్చుండును. ఇందు ఒకరి దౌష్ట్యము లేదు, ఏర్పాటే అట్టిది. ఆ యేర్పాటు మారవలెనని మా వాదము.

మంత్రసానుల కాలమును మేము కీర్తింపబోము. గాలి చొరని పురిటిగదులును, కొడవలితో బొడ్డుకోయుటయు, ధనుర్వాతమున పోయిన పసికందులును మన పెద్దలెరిగినవే. ఆసుపత్రి ప్రసవమే శ్రేయము. కాని ఆ చీకటిగదిలో బిడ్డ తల్లి ప్రక్కనే యుండెను. చీకటిని పోగొట్టిన ఆసుపత్రి ఆ ప్రక్కను గూడ పోగొట్టనేల?

బిడ్డ యేడ్వకున్న సుఖముగ నున్నదని తలంతుము. అది భ్రమ. 2011లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, రెండుదినముల వయసుగల ఆరోగ్యవంతులైన 16 మంది శిశువులను నిద్రలో పరీక్షించిరి. ఒక గంట తల్లి రొమ్ముపైనను, ఒక గంట ఆమె మంచముచెంతనే వేరుతొట్టిలోను పరుండబెట్టిరి. వేరుగనున్నప్పుడు గుండె కొట్టుకొను తీరునుబట్టి తెలియు నాడీమండలపు సంచలనము 176 శాతము అధికమయ్యెను. ప్రశాంతనిద్ర 86 శాతము తగ్గెను. సంఖ్య స్వల్పమే, ఒప్పుకొందుము. అయినను చేతికందు దూరమే అంత భేదము కలిగించినప్పుడు 70 కిలోమీటరుల మాట యేమి?

తల్లులు లోనికివచ్చిన రోగక్రిములు ప్రవేశించునని వైద్యులు కొందరు భయపడుదురు. సద్భావముతో పుట్టిన భయమే యది. కాని దానికి సమాధానము లభించినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశమునను, ఆఫ్రికాఖండపు నాలుగుదేశములలోను జరిపించిన పరీక్షాఫలితములు 2021లో వెలువడినవి. కిలో మొదలు 1.8 కిలోల లోపు బరువుగల 3,211 మంది శిశువులపై జరిగిన పరీక్ష యది. పుట్టినవెంటనే తల్లి రొమ్మున హత్తుకొని దినమునకు దాదాపు 17 గంటలు గడపిన శిశువులలో 28 దినములలోపల నూటికి 12 మంది మరణించిరి. పాతపద్ధతిని పెరిగినవారిలో దాదాపు 16 మంది. రక్తమునకు విషమెక్కినదన్న అనుమానము గూడ తల్లిచెంతనున్నవారియందే తక్కువగ కనబడెను. ఇట్టి ఫలితము వచ్చిన పిమ్మట ఆ పరీక్షను కొనసాగించుట అధర్మమని ముందుగనే ఆపివేసిరి. మనదేశమునుండి పాల్గొన్నది ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. అచ్చట నవజాత శిశువిభాగములోనే తల్లులకు మంచములు వేసిరి.

ఈ పద్ధతి ధనికదేశమున పుట్టలేదు. కొలంబియాలోని బొగోటా నగరమున, గాజుపెట్టెలు చాలని ఆసుపత్రిలో, ఎడ్గార్ రే అను వైద్యుడు 1978లో ప్రారంభించెను. నేడు దానిని కంగారూ సంరక్షణ మనుచున్నారు. నెలతక్కువ శిశువులకు పుట్టినది మొదలు దినమునకు 8 నుండి 24 గంటలు దీనిని ఆచరింపుడని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో చెప్పినది. కుటుంబమువారిని శిశువిభాగములోనికి రానిచ్చి బిడ్డసేవ నేర్పవలెనని కేంద్ర ఆరోగ్యశాఖ 2017లోనే మార్గదర్శకములు వెలువరించినది. కాగితముపై కొరత యేమియు లేదు.

గనికి బాటలు వేయగల రాజ్యము తల్లికొక మంచము వేయజాలదా? శిశువును తరలించు బండిలోనే, వైద్యుడు తగునన్నచో, తల్లినిగూడ తరలింపవలెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఆసుపత్రుల అభివృద్ధి సంఘములందు మా పాఠకులు కొందరుందురు. వారు తమ తదుపరి సమావేశమున ఈ విషయమును లేవనెత్తవలెను. మన దాతలు పంకా రెక్కలపై గూడ పేళ్లు వ్రాయించుకొందురు గదా! శిశువిభాగమునకు నాలుగు పడకకుర్చీలిచ్చి, వానిపై వలసినంత పెద్దయక్షరములతో వ్రాయించుకొందురు గాక. మాకు అభ్యంతరము లేదు. తల్లికి లేవజాలని దినములలో తండ్రియైనను, అమ్మమ్మయైనను ఆ కుర్చీలో కూర్చుండి బిడ్డను రొమ్మున నుంచుకొనవచ్చును.