కనుబొమల నడుమ

"టీచర్, కోపమొచ్చిందా?" ఐదో తరగతి పిల్లలు రోజూ ఇలా అడుగుతుంటే ఆ పంతులమ్మ మనసు చివుక్కుమనేది. ఆమెకు కోపమేమీ రాలేదు. ఇరవై ఏళ్లుగా నోటు పుస్తకాలు దిద్దీ దిద్దీ కనుబొమల నడుమ రెండు నిలువు గీతలు పడ్డాయి, అంతే. నిరుడు ఆమె చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్లి బొటాక్స్ వేయించుకున్నారు. "ఈ వయసులో ఇదేం సోకు" అని ఇంట్లో దెప్పినవాళ్లున్నారు. పిల్లలు జంకకుండా తన ముఖంలోకి చూస్తే చాలునని ఆమె కోరిక. అది తీరింది.

అసలు ఈ సూది ముడతల కోసం పుట్టింది కాదు. సరిగా నిల్వ చేయని ఆహారంలో పెరిగే ఒక బ్యాక్టీరియా విషం ప్రాణాలు తీస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో కంటి వైద్యుడు ఆలన్ స్కాట్ దాన్నే అతి స్వల్ప మోతాదులో మెల్లకన్ను సరిచేయడానికి వాడారు. 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది మెల్లకన్నుకూ, రెప్పలు వాటంతటవే బిగుసుకుపోయే జబ్బుకూ. అప్పటికే కెనడాలోని వాంకూవర్‌లో ఈ రెప్పల జబ్బుకు ఇదే సూది వేస్తున్న కంటి వైద్యురాలు జీన్ కరూథర్స్‌ను ఒక రోగి నిలదీసింది: ఈసారి కనుబొమల మధ్య ఎందుకు వేయలేదని. అక్కడ వేసినప్పుడల్లా తన ముఖం ప్రశాంతంగా కనిపిస్తోందట! డాక్టరమ్మ ఆ మాటను కొట్టిపారేయలేదు. చర్మ వైద్యుడైన భర్త అలస్టర్‌తో కలిసి పరిశీలించి 1992లో ప్రచురించారు. 2002లో కనుబొమల నడుమ గీతలకూ అమెరికా అనుమతి లభించింది. ఈ చికిత్సకు మూలం ఒక రోగి సంతృప్తి, దాన్ని చెవిన పెట్టిన ఒక వైద్యురాలు.

ఆ వినడమే, విడమరచి చెప్పడమే ఇప్పుడు కరవవుతోందేమో. నరం నుంచి కండరానికి అందే సంకేతాన్ని ఈ మందు కొంతకాలం అడ్డుకుంటుంది. మూడు నాలుగు రోజులకు పని మొదలై, రెండు వారాలకు పూర్తి ఫలితం తెలుస్తుంది. మూడు నాలుగు నెలలకు గీతలు మళ్లీ తొంగిచూస్తాయి. ముఖం కదపకున్నా కనిపించే లోతైన గీతలు పూర్తిగా పోకపోవచ్చు. కొందరికి కొన్ని వారాలపాటు రెప్ప వాలుతుంది. ఇవి ముందే తెలిసినవారు మూడు నెలలకు గీత తిరిగొచ్చినా నొచ్చుకోరు. తెలియక, కూతురి పెళ్లి మూడు రోజులుందనగా పరుగెత్తిన తల్లి మాత్రం పెళ్లి ఫొటోలు చూసుకుని మోసపోయాననే అనుకుంటుంది. మందులో లోపం లేదు. చెప్పవలసిన రెండు మాటలు చెప్పలేదు.

ఎవరో అన్న మాట గుచ్చుకుని క్లినిక్ మెట్లెక్కేవారి సంగతి ఇంకా సున్నితం. "ముసలిదానివైపోతున్నావు" అన్న మాట చేసిన గాయానికి సూదిమందు లేదు. అలాంటివారిని ఓ రోజు ఆలోచించుకుని రమ్మనే డాక్టరే మంచి డాక్టరు.

జూబ్లీహిల్స్‌లోనైనా, విజయవాడలోనైనా, వేయించుకోవడం మీ ఇష్టం. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అర్హత ఉన్న వైద్యుల దగ్గరికే వెళ్లండి. గర్భిణులైనా, కండరాల బలహీనత జబ్బు ఉన్నా ముందే చెప్పండి. మందు పేరేమిటో, ఎన్ని యూనిట్లు వేశారో కాగితం మీద రాయించుకుని మరీ ఇంటికి రండి.