ఇంట్లో ఆఫీసు తెర

రాజమండ్రి నుంచి ఒక తల్లి యిలా వ్రాశారు: “మా అమ్మాయి యింట్లో కూర్చునే ఒక కంపెనీకి పని చేస్తుంది. రాత్రి పదింటిదాకా తయారుచేసిన రిపోర్టు తెల్లారి చూస్తే లేదు. పైగా అందులోంచి ఒక్క కాగితం కూడా అచ్చు తీయనివ్వరట. పిల్లమీద అంత అనుమానమైతే వుద్యోగం యెందుకివ్వాలి?”

అమ్మా, మీ బాధ న్యాయమైనదే. కాని మీ రెండు ఫిర్యాదులకూ కారణాలు వేరు.

తెర మీ యింట్లో వున్నా, పని జరిగే కంప్యూటరు మీ యింట్లో లేదు. అది కంపెనీవారి సర్వరులో వుంది. అమ్మాయి నొక్కిన అక్షరం అక్కడికి పోతుంది; అక్కడి బొమ్మ యిక్కడ కనిపిస్తుంది. దీన్నే వర్చువల్ డెస్క్‌టాప్ అంటారు. ఒక మచ్చు తయారుచేసి, దానికి వందలకొద్దీ నకళ్లు తీసి గుంపుగా వుంచుతారు. ఆ గుంపు పేరు పూల్.

పూల్ ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి అద్దెకు తీసుకున్న వాటా వంటిది: యెవరి డెస్క్‌టాప్ వారికే, పెట్టిన వస్తువు పెట్టినచోటే వుంటుంది. రెండవది సత్రం గది: యే గది ఖాళీగా వుంటే అదే యిస్తారు. మూడు షిఫ్టుల్లో 300 మంది పని చేస్తే, ఒకసారికి వుండేది 100 మందే గనుక, నూటికి పైన కొన్ని చాలు. ఖర్చు తగ్గుతుంది. అయితే సత్రం ఖాళీ చేయగానే గది చిమ్మినట్టు, లాగవుట్ కాగానే ఆ డెస్క్‌టాప్‌ను చెరిపేసే యేర్పాటు చాలాచోట్ల వుంటుంది. రిపోర్టు అలా పోయివుండవచ్చు. దాచుకోవడానికి వేరే ఫోల్డరు యిస్తారు. అది యెక్కడుందో మొదటిరోజునే చెప్పవలసిన బాధ్యత మాత్రం ఆఫీసువారిదే.

ఇక అనుమానం సంగతి. అచ్చు తీయడం, పెన్‌డ్రైవులోకి యెక్కించడం, కాపీచేసి బయట అతికించడం—యీ మూడు తలుపులూ యెవరికి తెరవాలో మనిషిని చూసి కాక, పనిని చూసి నిర్ణయిస్తారు. ఆఫీసులో వున్నప్పుడు తెరిచి, యింటినుంచి చేరినప్పుడు మూసే నియమమూ పెట్టవచ్చు. లోపల వుండేవి మనబోటివాళ్ల ఖాతాలూ, జబ్బుల వివరాలూ గదా!

తాళాల కథ కొత్తది కాదు. 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి కంప్యూటరుమీద కేటాయించిన కాలం చాలలేదు. పాస్‌వర్డుల పట్టీని అచ్చు వేయించుకుని, ఇతరుల పేర్లతో లోపలికి వెళ్లాడు. అందుకే యిప్పుడు పాస్‌వర్డుతోపాటు ఫోనుకు వచ్చే అంకె కూడా అడుగుతున్నారు.

అనుమతులు ఒక్కొక్క పేరుకు కాక శాఖకు యివ్వడం మంచి పద్ధతి. వుద్యోగం మానిన రోజున శాఖ జాబితాలో పేరు కొట్టివేస్తే, దానితో వచ్చిన తలుపులన్నీ మూసుకుంటాయి. విడివిడిగా యిస్తే యేదో ఒక తాళంచెవి బయట మిగిలిపోతుంది. తరువాత యేమైనా జరిగితే, ఆ చెవి వున్న అమాయకుణ్ణే ముందు అడుగుతారు. కాబట్టి యీ కట్టుదిట్టం మీ అమ్మాయికీ రక్షణే.

రేపు ఆమెను రెండు ప్రశ్నలు అడగమనండి: “నా ఫైళ్లు యెక్కడ దాచాలి? నాకు అచ్చు అవసరమైతే యెవరి అనుమతి కావాలి?” తెరను సెల్‌ఫోనుతో ఫోటో తీసుకోమని యెవరైనా సలహా యిస్తే మాత్రం వినవద్దని చెప్పండి.