కంబాలకొండకు కాపలా మనుషులు కావాలి

విశాఖపట్నం నగరాన్ని ఆనుకొని వున్న కంబాలకొండ అడవి విస్తీర్ణం దాదాపు 70 చదరపు కిలోమీటర్లు. 1970 వరకు విజయనగరం రాజావారి అధీనంలో వుండి, తరువాత అటవీశాఖ చేతికి వచ్చింది. 2002లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. ఒకవైపు జూపార్కు, జాతీయ రహదారి. మరోవైపు అడవివరం, శంభువానిపాలెం వంటి ఊళ్లు. నగరం చుట్టూ ఇంత ఖాళీ జాగా మరొకటి మిగలలేదు. కొండ మీద కురిసిన వాన ఇంకి, గెడ్డలుగా దిగి, దిగువకు చేరుతున్నదంటే ఈ చెట్ల చలవే.

అభయారణ్యంలో అనుమతి లేనిదే అడుగు పెట్టరాదని, నిప్పు పెట్టరాదని 1972 నాటి వన్యప్రాణి చట్టం చెబుతున్నది. చట్టం గట్టిదే. కాని చట్టం తనంతట తాను కొండెక్కి చూడదు. చూడవలసినవాడు బీటు ఆఫీసరు. ఆ ఉద్యోగానికి మగవారు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవారు 16 కిలోమీటర్లు నడిచి చూపాలి. అంత నడక పరీక్ష పెట్టి తీసుకున్న మనిషి తరువాత కేసులు రాయాలి, కోర్టు వాయిదాలకు తిరగాలి, మొక్కల లెక్కలు చూడాలి. ఊళ్లో చిరుత అడుగు కనిపించిందంటే అక్కడికి పరుగెత్తాలి. ఇక బీటు తిరిగేదెప్పుడు?

అసలు ముప్పు వేసవిలో. మాఘం దాటితే గడ్డి ఎండుతుంది. ఆర్పని బీడీ ముక్క ఒకటి చాలు. కొత్త గడ్డి మొలుస్తుందని పశువుల కాపరులు నిప్పు పెట్టడమూ కద్దు. దాచి లాభం లేదు. కొండ మీదికి ఫైరింజను ఎక్కదు. పచ్చికొమ్మలు విరిచి బాది ఆర్పవలసిందే. అందుకు చేతులు కావాలి, అవీ మొదటి గంటలోనే కావాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఇక్కడ ఎన్నో చెట్లను కూల్చింది. ఆ తరువాత మొలిచిన లేత చెట్లు మంటకు ఆగవు.

ఎండలు ముదరకముందే గడ్డి చెక్కి నిప్పు గీతలు వేస్తే మంట అక్కడ ఆగుతుంది. అయితే ఈ పనికీ, వేసవి కాపలాకూ పెట్టుకునే వాచర్లు కొద్ది నెలల మనుషులే. వానలు పడగానే పని అయిపోతుంది. మరుసటి ఏడు వాళ్లు వేరే కూలి చూసుకుంటారు. కొత్తగా వచ్చినవారికి దారులు తెలియవు. పోనీ, వానాకాలంలో అడవికి కాపలా అక్కరలేదా? ఉచ్చులు పన్నేవాడికీ, అలుగును పట్టి పొలుసులు అమ్ముకునేవాడికీ, హద్దురాయి జరిపేవాడికీ కాలంతో పనిలేదు.

సిబ్బంది కొరత పల్లెలకు మరో విధంగానూ తగులుతున్నది. చిరుత దూడను పట్టుకుపోతే అటవీ సిబ్బంది వచ్చి చూసి రాయనిదే నష్టపరిహారం కాగితం కదలదు. వచ్చేవాడు ఒక్కడే అయితే ఎన్ని ఊళ్లు తిరుగుతాడు? ఆలోగా కళేబరం కుక్కల పాలవుతుంది, రుజువు పోతుంది.

బీటు, అసిస్టెంటు బీటు ఆఫీసర్ల పోస్టులు 691కి 2025లో సర్వీసు కమిషన్ నోటిఫికేషన్ ఇచ్చింది. మంచిదే. కాని అది రాష్ట్రం మొత్తానికి. కంబాలకొండకు కావలసింది అంతకంటే కింది మెట్టు మనిషి, ఏడాది పొడుగునా నెలజీతం మీద వుండే వాచరు. అతనిని చుట్టుపక్కల ఊళ్ల నుంచే తీసుకోవాలి. కట్టెలు కొట్టేది ఆ ఊళ్లవాళ్లే కదా, దొంగ చేతికి తాళాలిచ్చినట్లవుతుందని కొందరు అధికారుల సందేహం. కట్టె కొట్టినవాడికే అడవి దారి తెలుసు. పైగా నెలనెలా జీతం అందే ఇంట్లో కట్టెలమోపు అమ్ముకునే అవసరం తగ్గుతుంది. వన సంరక్షణ సమితులు మన రాష్ట్రంలో 1992లోనే మొదలయ్యాయి. కనుక పల్లెవాసులతో అడవిని కాపాడించడం కొత్త సంగతి కాదు.

డబ్బు ఎక్కడిదంటారు. ఆదివారం విహారానికి వచ్చేది నగరవాసులు, చల్లగాలి పీల్చేదీ వారే. టిక్కెట్ల రాబడిలో కొంత, నగరపాలక సంస్థ పద్దులో కొంత వాచర్ల జీతాలకు కేటాయించాలి. పార్కుల్లో పూలమొక్కలకు కాపలా పెట్టగల నగరానికి ఇది మోయలేని బరువు కాదు.

జిల్లా అధికారులు, అటవీశాఖవారు కూర్చొని సంక్రాంతిలోగా ఈ నియామకాలు తేల్చాలి. సంక్రాంతి దాటితే నిప్పు గీతలు చెక్కడానికి మిగిలేది నెలరోజులే.